మామ గొంతు, ఎనిమిది వేల కేబులు

మొన్న నల్గొండ పోయినప్పుడు మా బావ కొత్త యూఎస్‌బీ కేబుల్ చూపించాడు. ఎనిమిది వేలు! ల్యాప్‌టాప్‌కీ డాక్‌కీ మధ్య మీటరు తీగ, అంతే. "జర విను బామ్మర్దీ, మామ గొంతు ఎంత సాఫ్ వస్తుందో" అన్నాడు.

మామ అంటే మా నాయిన. 1994లో దేవరకొండ దగ్గర మా ఊరి గుళ్లో పాడిన భజన. క్యాసెట్ నుంచి కంప్యూటర్లోకి నేనే ఎక్కించాను. ఇప్పుడు నాయిన లేడు, ఆ ఫైలే ఉంది. అందుకే బావని చూసి నవ్వలేకపోయాను.

కేబుల్లో పోయేది సున్నాలూ ఒకట్లే కదా. సీడీ నాణ్యత అంటే సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు. యూఎస్‌బీ ఆడియోలో చెడిపోయిన డేటాని మళ్లీ పంపరు, నిజమే. కానీ అప్పుడు టిక్కుటిక్కుమంటుంది, లేదా తెగితెగి వినపడుతుంది. అంతేగానీ గొంతులో తీపి తగ్గదు, పెరగదు. బావనొక్కణ్ణే అనడం ఎందుకులెండి, 2008లో డెనాన్ కంపెనీ నెట్‌వర్క్ కేబుల్‌లాంటిదే మీటరున్నర ముక్కని 499 డాలర్లకి పెట్టింది. సిగ్నల్ ఎటు పోవాలో బాణం గుర్తులు కూడానూ!

బావని అటు తిరిగి కూర్చోమని, ఆ కేబులూ, ప్రింటర్ వెనక నుంచి పీకిన కేబులూ మార్చి మార్చి పదిసార్లు వినిపించాను. ఐదు కరెక్టు. "నువ్వు తొందర పెడుతున్నవ్" అన్నాడు.

అసలు క్యాసెట్లోనే బుస్సుమనే చప్పుడుంది, దాన్ని ఏ తీగా తియ్యలేదు. గది సంగతి వేరు. కొత్త స్లాబు, నున్నటి టైల్సు, ఖాళీ గోడలు. అక్కనడిగి రెండు బొంతలు తెచ్చి స్పీకర్ల ఎదురుగోడకి వేలాడదీశాం. గుయ్యిమనడం తగ్గింది. రెండో చరణం ముందు నాయిన గొంతు సవరించుకోవడం అక్క మొదటిసారి విన్నది. మళ్లీ పెట్టమంది.

కేబుల్ అక్కడే ఉంది. వాపసు తీసుకోరట.