కోడళ్లను పరిచయం చేసుకునే నాగోబా

పెళ్లయి అత్తారింటికి వచ్చినంత మాత్రాన మెస్రం ఇంటి కోడలు ఆ వంశంలో మనిషి అయిపోదు. కేస్లాపూర్ వెళ్లి నాగోబా ముందు నిలబడాలి. తెల్లచీర కట్టి, ముఖం మీద ముసుగు వేసుకుని, పెద్దల వెంట దేవుడికి పరిచయం కావాలి. ఈ తంతు పేరు భేటింగ్. అప్పటిదాకా ఆమెకు కులదైవం పూజల్లో చోటుండదు!

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో ఉందీ కేస్లాపూర్. గోండుల్లో మెస్రం వంశీయుల ఇలవేల్పు నాగోబా. అంటే సర్పదేవత. ఆదిశేషుడని కొలిచేవారూ ఉన్నారు. ఏటా పుష్య అమావాస్య రాత్రి మహాపూజతో జాతర మొదలవుతుంది. అంతకు చాలా రోజుల ముందే మెస్రం వంశీయులు జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు కాలినడకన బయల్దేరతారు, చెప్పుల్లేకుండా. అభిషేకానికి గోదావరి జలం అక్కడి నుంచే రావాలి మరి. తిరిగొచ్చాక మర్రిచెట్ల కింద బస. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంట మాత్రం ఇరవై రెండు పొయ్యిల మీదే. వంశంలోని శాఖలు అన్ని మరి! కొత్త కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు.

ఇప్పుడు కనిపించే రాతి గుడిని మెస్రం వంశీయులే కట్టుకున్నారు. పొలం చేసుకునేవారూ, ఉద్యోగులూ తలా కొంత వేసుకుంటే ఖర్చు సుమారు 5 కోట్ల రూపాయలకు చేరింది. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది.

జాతరలో రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు ఎక్కడైనా ఉండేవే. వాటికన్నా చూడాల్సింది దర్బారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల చేతిలో చనిపోయాక, గిరిజనుల అసంతృప్తికి కారణాలు తెలుసుకునేందుకు నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. గోండుల మధ్యే ఉండి పనిచేసిన ఆయన చొరవతో ఆ దశాబ్దంలోనే ఈ దర్బారు మొదలైంది. అడవిలోని మనిషి ఆఫీసుల చుట్టూ తిరగలేడు కాబట్టి, అధికారులే జాతరకు రావాలన్నది ఏర్పాటు. నేటికీ భూమి పట్టాలు, రోడ్లు, నీళ్లు... అర్జీలు పట్టుకుని జనం వస్తూనే ఉన్నారు. ఇన్నేళ్లయినా అవే సమస్యలా అనిపిస్తుంది!

ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే బస్సెక్కి ముత్నూరులో దిగితే, అక్కడి నుంచి గుడి కొద్ది కిలోమీటర్లే. జాతర రోజుల్లో ప్రత్యేక బస్సులుంటాయి. చలి గట్టిగా ఉండే కాలం, పిల్లలకు స్వెట్టర్లు మరవొద్దు.