పాప బాక్సులో పప్పన్నం

మన ఇళ్లలో మూడేళ్ల పిల్ల తనంతట తాను కూర్చుని అన్నం తినడం అరుదు. ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా కలిపి, గోరుముద్దలు చేసి, కిటికీలోంచి వచ్చేపోయే కార్లు చూపిస్తూ ఎవరో ఒకరు నోట్లో పెడతారు. ఇండియా నుంచి అమ్మమ్మో నాయనమ్మో వచ్చి ఆరు నెలలు ఉన్నారంటే ఆ ముచ్చట మరీ ఎక్కువ. నేను దాన్ని తప్పు పట్టను. అన్నం రుచీ, పెట్టే మనిషి ప్రేమా పిల్లకి ఒకేసారి తెలిసేది అక్కడే. అయితే అమెరికాలో పుట్టిన ఆ పిల్ల ఒక సోమవారం పొద్దున ప్రీస్కూలుకి వెళ్తుంది. పదకొండున్నరకి చిన్న కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా బాక్సు పెడతారు. మూత తీసుకోవడం దగ్గర్నుంచి మూతి తుడుచుకోవడం దాకా తనే చూసుకోవాలి. అరగంట తిరక్కుండా బాక్సులు మూసేసి పడుకోవడానికి చాపలు పరుస్తారు.

ఈ సంగతి పక్కన పెట్టి బాక్సులో ఏం పెట్టాలా అని ఎంత వెతికినా లాభం లేదు. ఎంత మంచి వంటయినా ఆ చిన్న చేతికి అందాలి, ఆ కాస్త సమయంలో నోట్లోకి వెళ్లాలి.

మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మా ఆవిడ ఆస్పత్రి డ్యూటీకి తెల్లారకముందే బయల్దేరుతుంది కాబట్టి పాపకి బాక్సు కట్టే పని నాది. ఇష్టంగానే చేస్తాను. పాపని బళ్లో వేస్తున్నామని చెప్పగానే రాజమండ్రి నుంచి మా అత్తగారు ఫోన్లో అడిగిన మొదటి మాట, “తినిపించేవాళ్లు లేకుండా పసిపిల్ల ఎలా తింటుంది బాబూ?” అని. అందరూ బాక్సు రంగు గురించీ బ్యాగు మీద బొమ్మ గురించీ అడుగుతుంటే అసలు ప్రశ్న వేసింది ఆవిడే. స్కూల్లో టీచర్ని కనుక్కుంటే, “తినిపించం. పక్కనే కూర్చుంటాం, మూత రాకపోతే సాయం చేస్తాం” అన్నారు. అంటే మిగిలినదంతా ఇంట్లోనే నేర్పాలి.

అందుకని ముందు మారింది మా రాత్రి భోజనం. పాపకి తన కంచం, తన చెంచా. టీవీ, ఫోను లేవు. కుర్చీ కింద పాత దుప్పటి పరిచి, పక్కనే మేమూ కూర్చుని తినేవాళ్లం. మొదట్లో కడుపులోకి వెళ్లినదాని కంటే దుప్పటి మీద పడిందే ఎక్కువ. పడనిచ్చాం. పప్పన్నం చిన్న చిన్న ఉండలు చేసి కంచంలో పెడితే వేళ్లతో తీసుకుని తినేది. ఆ తర్వాత చెంచా అలవాటైంది. స్కూలు బాక్సు మూతలు కూడా ఇంట్లోనే తీయించి, పెట్టించి చూశాం. కొత్త బాక్సు కొనేటప్పుడు అరలు ఎన్ని అన్నదాని కంటే, గొళ్లెం పిల్ల బొటనవేలితో తెరుచుకుంటుందా లేదా అన్నది చూడండి.

ఇక పప్పన్నం. ఉండలు చేసేసరికి అన్నం చేతికి ఓర్చుకునేంతగా చల్లారిపోతుంది, మధ్యాహ్నం దాకా బయట ఉంచడం మంచిది కాదు. అందుకే స్కూలుకి థర్మాస్‌లో వేడివేడిగా పంపుతాను. పెద్దవాళ్ల కోసం చేసే పప్పు పల్చగా ఉంటుంది, పిల్ల చెంచా ఎత్తేలోపే గౌను మీదకి జారుతుంది. కందిపప్పు గట్టిగా ఉడికించి, సోనా మసూరి బియ్యం ఒక గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లతో మెత్తగా వండి, రెండూ పొయ్యి మీదే గరిటెతో ఎనపాలి. పాలకూర వేస్తే అందులోనే కలిసిపోతుంది. నెయ్యి, ఉప్పు, దింపేముందు కాస్త నిమ్మరసం. అప్పుడు చెంచాతో తీసి తలకిందులుగా తిప్పి చూస్తాను. అన్నం చెంచాని పట్టుకుని ఉంటే పాప నోటిదాకా వెళ్తుంది. జారిందా, ఇంకాసేపు పొయ్యి మీద ఉంచాల్సిందే. తాలింపులో శనగపప్పు, ఎండుమిర్చి ముక్కలు వేయను. నాలుక్కి గట్టిగా ఒక్కటి తగిలినా మా పాప ఇక ఆ పూట చెంచా ముట్టదు.

థర్మాస్‌కి ఒక పద్ధతుంది. ముందు దాన్నిండా మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్లు పారబోసి పొగలు కక్కే అన్నం నేరుగా అందులోకి తీయాలి. సగమే నింపితే తొందరగా చల్లారుతుంది. అందుకే చిన్న సైజుది, పది ఔన్సులది, కొని నిండుగా నింపుతాను. పాప అంతా తినదని తెలుసు. అయినా నిండుగా ఉంటేనే పదకొండున్నర దాకా వేడి నిలుస్తుంది. ఇక్కడి ఆహార భద్రత నిపుణులు చెప్పే లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య వండిన పదార్థం రెండు గంటలకి మించి ఉండకూడదు. బయట 90 దాటితే గంటే. మా టెక్సస్ ఆగస్టులో 90 దాటని రోజు ఎక్కడుంటుంది? అన్నం విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. వండినా చావని బ్యాక్టీరియా బీజాలు కొన్ని అన్నంలో ఉంటాయి, గోరువెచ్చగా వదిలేస్తే అవే పెరుగుతాయి. కాబట్టి అయితే పొగలు రావాలి, లేదా ఐసు ప్యాకుల మధ్య చల్లగా ఉండాలి. పెరుగన్నం రెండో రకం. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున దానిమ్మ గింజలు చల్లి, కిందొకటి పైనొకటి ఐసు ప్యాకులు పెట్టి పంపుతాను.

స్కూలు వాళ్లిచ్చే ఎలర్జీ జాబితా చూస్తే తెలుగు వంటిల్లు ఒక్కసారి కుదుపుకి లోనవుతుంది. పల్లీ చట్నీ కుదరదు. పల్లీలేసిన పులిహోర, జీడిపప్పు ఉప్మా కుదరవు. నువ్వుల పొడి మీద కూడా కొన్ని చోట్ల నిషేధం ఉంది. 2021లో వచ్చిన చట్టంతో నువ్వులు ఈ దేశంలో తొమ్మిదో ప్రధాన ఎలర్జీ పదార్థం అయ్యాయి. 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద ఆ పేరు తప్పనిసరిగా రాయాలి. కొబ్బరిని మాత్రం 2025లో ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎలర్జీ గింజల జాబితాలోంచి తీసేసింది. అయినా మీ స్కూలు నియమం వేరేగా ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. మనకి మిగిలింది తక్కువేం కాదు. నువ్వులు, పల్లీలు లేకుండా కొట్టిన కంది పొడి ఉంది. అందులో వేసే పుట్నాలు శనగల జాతివి, పల్లీలూ బాదంలాంటి గింజలూ కావు. కానీ ఆ సంగతి టీచర్‌కి తెలియకపోవచ్చు కాబట్టి బాక్సులో ఏమేం వేశానో చిన్న చీటీ రాసి అతికిస్తాను. పొడి కొట్టే ముందు మిక్సీ జారు తప్పక కడగాలి. నిన్న అందులో పల్లీలు తిరిగి ఉంటే నేటి కంది పొడిలోకి ఆ ధూళి వస్తుంది. దాన్ని చాదస్తం అనుకోకండి. పక్క కుర్చీలో కూర్చునే పిల్లకి అది ప్రాణం మీదకి తెచ్చే విషయం.

అలాగని మన పిల్లలకి ఇంట్లో పల్లీలు మానిపించనక్కర్లేదు. పసితనంలోనే మెత్తని రూపంలో పల్లీ పెట్టిన పిల్లల్లో ఆ ఎలర్జీ బాగా తగ్గిందని 2015లో లండన్ పరిశోధకులు చూపించారు. ఎగ్జిమా, గుడ్డు ఎలర్జీ లాంటివి ఉన్న పిల్లలకైతే డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. మా ఇంట్లో పల్లీ చట్నీ రాత్రిపూట మాత్రమే, తిన్నాక మూతి, చేతులు సబ్బుతో కడుగుతాం.

నాలుగేళ్లలోపు పిల్లలకి గొంతులో అడ్డుపడేవి పెట్టొద్దని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం గట్టిగా చెబుతుంది. గుండ్రటి ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్కలు, పాప్‌కార్న్, విడి పప్పు గింజలు. ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేస్తాను. క్యారెట్ ఆవిరి మీద మెత్తబడ్డాకే బాక్సులోకి వెళ్తుంది.

పప్పన్నం, పెరుగన్నం కాక మా పాపకి బాగా నడిచేది పెసరట్టు. రాత్రి నానబెట్టి పొద్దున రుబ్బి, కాస్త మందంగా పోసి, వంటింటి కత్తెరతో వేలెడంత పట్టీలు కోస్తే చేత్తో పట్టుకుని తింటుంది. ఆదివారం రుబ్బిన పిండితో రూపాయి బిళ్లంత ఇడ్లీలు, నెయ్యి, కంది పొడి. మరో రోజు రాగి దోసె. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది నామమాత్రం. గుడ్డు తినే ఇళ్లలో ఉడికించిన గుడ్డు ఉండనే ఉంది. వీటన్నిటికీ ఐసు ప్యాకు పెట్టాల్సిందే. పక్కన ఒక పండు చాలు. పిండుకుని తాగే పళ్ల గుజ్జు ప్యాకెట్లు, రంగు రంగుల పండ్ల జెల్లీలు నేను కొనను. రెండేళ్లు దాటిన పిల్లలకి రోజుకి 25 గ్రాముల లోపే కలిపిన చక్కెర ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతోంది. జెల్లీలు, తీపి పెరుగు డబ్బాలు రోజూ ఇస్తే ఆ హద్దు సగం అక్కడే అయిపోతుంది.

మన శాకాహార ఇళ్లలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది పాల సీసా. బాక్సు సగం మిగిలిందని చూడగానే ‘అన్నం తినలేదుగా, పాలైనా తాగనీ’ అంటాం. సాయంత్రం పాలతో కడుపు నిండితే రాత్రి అన్నం పోతుంది, అన్నంతో పాటు ఇనుమూ పోతుంది. ఏడాది నుంచి మూడేళ్ల వయసు పిల్లకి రోజుకి ఏడు మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాలలో అది లేనట్టే. రెండు, మూడేళ్ల వయసులో రోజుకి రెండు, రెండున్నర కప్పుల పాలు చాలు. పప్పులో నిమ్మరసం, బాక్సులో రెండు నారింజ తొనలు పెట్టేది రుచి కోసమే కాదు. విటమిన్ సి ఉంటే పప్పులో ఉన్న ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

మిగిలిన బాక్సు గురించి మరో మాట. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు 1980ల్లోనే తల్లిదండ్రులకీ పిల్లలకీ పనులు పంచి చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. బతిమాలి, బుజ్జగించి ఆఖరి ముద్ద దాకా పెట్టే మనకి ఇది మింగుడుపడటం కష్టమే. కానీ ప్రీస్కూలు పిల్ల విషయంలో ఇంతకంటే పనికొచ్చే మాట నేను వినలేదు. మొదట పెట్టడానికి ఒక్కో పదార్థం పిల్ల వయసులో ఏడాదికి ఒక టేబుల్‌స్పూన్ లెక్క, అంటే మూడేళ్ల పిల్లకి మూడు చాలు. మన కంటికి అది పిచ్చుకకి కూడా సరిపోదనిపిస్తుంది, పిల్ల కడుపుకి సరిపోతుంది. సాయంత్రం కారెక్కగానే ‘మొత్తం తిన్నావా?’ అని అడగడం మా ఇంట్లో లేదు. ఎవరి పక్కన కూర్చున్నావు, ఏం ఆడుకున్నారు అని అడుగుతాం. మిగిలింది చూసి మర్నాటి బాక్సు నేను సర్దుకుంటాను.

ఈ ఆగస్టులో పిల్లల్ని బళ్లో వేయబోతున్నవాళ్లకి నా మనవి ఒక్కటే. బాక్సు కొనడానికి ఇంకా టైముంది, అది ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఇవాళ రాత్రే పిల్ల చేతికి చెంచా ఇవ్వండి. ఊరి నుంచి అమ్మమ్మ వచ్చి ఉంటే ఆవిడకి కూడా సంగతి వివరంగా చెప్పండి. రోజుకి ఒక పూట పిల్లని తనంతట తాను తినమని, మరో పూట ఆవిడని గోరుముద్దలు పెట్టుకోమనండి. రెండూ కావాలి ఆ పిల్లకి.