టోటల్ లాస్ కారు

భర్త వీసా మీద అమెరికా వచ్చిన ఆడవాళ్ళ గురించి రాసినప్పుడల్లా మనం వీసా గురించి రాస్తాం, వంటింటి గురించి రాస్తాం, ఒంటరితనం గురించి రాస్తాం. కారు గురించి మాత్రం రాయం. టెక్సస్‌లో మేమున్న ఫ్రిస్కోకి డాలస్ రవాణా సంస్థ సిటీ బస్సులు రావు. పాలు అయిపోయినా, స్కూల్లో పిల్లకి జ్వరమని ఫోనొచ్చినా కారుండాలి. ఉన్న ఒక్క కారూ మా ఆయన ఆఫీసు పార్కింగులో ఉంటే నేను ఇంట్లో బందీనే.

హెచ్‌4 వాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి 2015 మే నుంచి వచ్చింది. నాకా కార్డు చేతికొచ్చాక పదిహేను మైళ్ళ దూరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని దొరికింది. 2019 నాటికి దాచుకున్నది 5,000 డాలర్లు. ఇంటి అప్పులన్నీ ఆయన పేరు మీదే ఉండటంతో నాకు క్రెడిట్ హిస్టరీ అంటూ లేదు, కారు లోను ఇవ్వమన్నారు. నేను తీస్తాలే అన్నారాయన. అప్పుడు కారూ ఆయన పేరు మీదే ఉంటుంది కదా అన్నాను. ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు.

వేలం సంగతి చెప్పింది లైబ్రరీలో నాతో పనిచేసే ఒక నల్లజాతి స్త్రీ. ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచిన మనిషి. ఆమె నడిపిన మూడు కార్లూ అలా కొన్నవేనట.

ఇన్సూరెన్స్ కంపెనీ ఒక కారుని ‘టోటల్ లాస్’ అన్నంత మాత్రాన అది ఇక కదలదని కాదు. బాగుచేయడానికయ్యే ఖర్చుని కారు విలువతో పోల్చి చూస్తారు, అంతే. ఆ ఖర్చు న్యూయార్క్‌లో విలువలో 75 శాతానికి, ఫ్లోరిడాలో 80 శాతానికి చేరితే, టెక్సస్‌లోనైతే మొత్తం విలువనే మించిపోతే కారు కాగితాల మీద ‘సాల్వేజ్’ ముద్ర పడుతుంది. అదే కారు, అదే దెబ్బ. రాష్ట్రం మారితే తీర్పు మారుతుంది. పాత కారుకి విలువే తక్కువ కాబట్టి డిక్కీ నొక్కుకుపోయి, బంపరూ వెనక దీపాలూ పగిలినా చాలు, లెక్క తేలిపోతుంది. యజమానికి డబ్బిచ్చేసి కంపెనీ ఆ కారుని వేలానికి పంపుతుంది. ఇలాంటి వేలాలు నడిపే పెద్ద సంస్థల్లో ఒకటైన కోపార్ట్ 1982లో కాలిఫోర్నియాలో మొదలైంది, ఇప్పుడు ప్రధాన కార్యాలయం మా డాలస్‌లోనే. 2003లోనే అది వేలంపాటని ఇంటర్నెట్‌కి మార్చింది. మగవాళ్ళ గుంపులో నిలబడి చెయ్యెత్తి పాడే బాధ లేకపోవడం నా వరకు చిన్న విషయం కాదు. లైసెన్సున్న వ్యాపారులకే అమ్మే బళ్ళుంటాయి, వాటికి బ్రోకరు కావాలి. ‘రన్ అండ్ డ్రైవ్’ అని రాసి ఉంటే, యార్డుకి వచ్చిన రోజున స్టార్టయి కాస్త కదిలిందని మాత్రమే అర్థం. పాడిన ధర మీద ఫీజులు వేరే, ఆలస్యమైతే స్టోరేజి అద్దె వేరే.

నేను నెలల తరబడి ఫోటోలు చూశాను. చూసింది ఎయిర్‌బ్యాగుల కోసం. ఆ ఏడే వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. సీటుబెల్టు పెట్టుకుని ఉన్నా, ఎదురుగా ఢీకొన్న ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడే అవకాశం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి 73 శాతం ఎక్కువని తేల్చారు. ఎన్నో ఏళ్ళుగా కార్లని పరీక్షించే బొమ్మలకి సగటు మగవాడి కొలతలే ప్రమాణం మరి. అసలే అలా ఉంటే, ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు స్థానంలో ఏ నాసిరకం సరుకు పెట్టారో కొన్నవాళ్ళకి తెలియదు. అలా మార్చిన పరికరాలు పగిలి ముగ్గురు చనిపోయారని 2024లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థే హెచ్చరించింది. చౌక కారు మనకి తలుపు తెరుస్తుంది, నిజమే. తేడా సొమ్ము ఒంటితో కట్టించుకునే కార్లు కూడా అందులోనే ఉంటాయి.

అందుకే వెనకనుంచి గుద్దించుకున్న కారునే వెతికాను, స్టీరింగు మధ్య మూత చెక్కుచెదరనిది. 2012 నాటి కొరోలా దొరికింది. పాట 2,100 డాలర్లు, ఫీజులూ టోయింగూ కలిపి 2,900. మెకానిక్‌ని ప్రశ్నలడిగింది నేను, అతను జవాబు చెప్పింది మా ఆయనకి. ఆయన ఆ రోజు నన్ను దింపడానికి వచ్చారు, అంతే. మూడోసారి కూడా అలాగే జరిగేసరికి ఆయనే, “అడుగుతున్నది ఆమె. ఆమెకే చెప్పండి” అన్నారు. ఆ రెండు వారాల మౌనం కంటే ఆ మాటే నాకు బాగా గుర్తుంది.

మరమ్మతు అయ్యాక ఏమేం చేశారో, ఏ భాగాలు మార్చారో ఫారంలో రాసిచ్చి, 65 డాలర్ల అదనపు ఫీజు కడితే, టైటిల్ నా ఒక్కదాని పేరు మీద వచ్చింది. దాని మీద ‘రీబిల్ట్ సాల్వేజ్’ అని ఉంటుంది, ఎన్ని చేతులు మారినా పోదు. ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే ఇన్సూరెన్స్ దొరికింది గానీ మన కారుకీ కలిపి ఇచ్చేందుకు చాలా కంపెనీలు ముందుకు రాలేదు.

మా తెలుగువాళ్ళ విందులో ఈ సంగతి చెప్తే ఒక పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, “మచ్చ పడిన బండి అని ఎందుకమ్మా అందరికీ చెప్పుకోవడం” అంది. అచ్చం ఆ గొంతుతోనే ఆవిడ అంతకుముందు వేరే ఒకామె విడాకుల గురించి మాట్లాడింది. ఆ విడాకులైనామె అక్కడే ఉంది. చేతులు కడుక్కునే దగ్గర నన్ను ఆపి, “అక్కా, వెనక దెబ్బ తగిలిందే చూసుకోవాలా?” అని అడిగి ఫోనులో రాసుకుంది. ఆమె దగ్గర మూడు వేలున్నాయి.

ఆ శనివారం ఇద్దరం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోటోలు చూశాం. మొదటి ఇరవైలో పదిహేడు కార్లకి ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని వేలాడుతున్నాయి.