"పో" అనే మాటకు అర్థం



మా నిజామాబాదు జిల్లాలో విదేశం అనగానే గుర్తుకొచ్చేది గల్ఫ్. దుబాయికో మస్కట్‌కో మనిషిని పంపని వాడ మా చుట్టుపక్కల లేదు. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయాక, ఆ దారి చూసుకున్న ఇళ్లు ఇంకా పెరిగాయి. అందుకే మా సంఘంలో నర్సింగ్ చదివిన ఒక అమ్మాయి, పది నెలల స్వచ్ఛంద సేవా శిక్షణకు ఫిలిప్పీన్స్ వెళ్తానన్నప్పుడు అందరూ అడిగింది ఒకటే: "జీతమెంత?"

జీతం లేదు, తిండీ బసా మాత్రమే అంటే ఎవరూ నమ్మలేదు. వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి, "అయ్యగారూ, ఎడారికి పోయినోడు గూడ నెలనెలా పైసలు పంపుతడు. నా బిడ్డ ఏం పంపుతది?" అన్నాడు. చెరకు తగ్గాక ఆయనకు చేతినిండా పని లేదు. ఆ ప్రశ్న మాకు బరువుగానే ఉండింది. ప్రార్థన చేసి పంపాము.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మన సాయంకాల ప్రార్థన ముగిసేసరికి ఆమెకు నిద్రవేళ. మొదటి నెల రోజూ ఆ వేళకే ఫోన్ చేసి ఏడ్చేది. "అమ్మగారూ, ఇక్కడ ఎవరు మాట్లాడినా చివర పో, పో అంటరు. నన్ను పొమ్మన్నట్టే ఉంటది" అని మా ఇంటామెతో చెప్పింది. అన్నం మూడు పూటలా ఉంది గానీ కారం లేదు. కుడిచేత చెంచా, ఎడమచేత ఫోర్కు పట్టుకుని తినాలి. అన్నింటికంటే బాధ పని గురించి. అక్కడి లైసెన్సు లేనిదే నర్సు పని చేయనివ్వరు. గిన్నెలు కడగడం, పిల్లలను ఆడించడం, భాష నేర్చుకోవడం, ఇదే శిక్షణ. "ఇంజక్షన్ ఇచ్చే చేతులు నావి. ఇక్కడ కూరగాయలు కోయడం గూడ నాకు నేర్పిస్తున్నరు" అంది. రెండో నెలలో తిరిగి వచ్చేస్తానంది. వాళ్ల నాన్న కూడా రమ్మన్నాడు.

అప్పుడు మేము ఆమెకు డిచ్‌పల్లిని గుర్తుచేశాము. అబర్దీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఇసబెల్ కెర్ర్ దొరసాని, భర్త జార్జి కెర్ర్ గారితో 1907లో మన దేశానికి వచ్చింది. డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచింది 1915లో. మధ్యలో ఎనిమిదేళ్లు! ఆ కాలంలో మిషనరీలు ముందుగా మున్షీ ముందు కూర్చుని అ, ఆలు దిద్దేవారు. ఎంత పెద్ద డాక్టరైనా మన ఊరి పసిపిల్లకున్నన్ని మాటలు కూడా రానివారే. చాల్మూగ్రా నూనె ఇంజక్షన్లు ఆ ఆసుపత్రికి పేరు తెచ్చాయి గానీ, రోగి గడప దాటించింది ముందుగా ఆ నేర్చుకున్న మాటే అని మేము అనుకుంటాము. ఆ పనికి పెద్ద చేయూతనిచ్చింది రాజా నర్సాగౌడ్ గారు, ఒక హిందూ దాత. ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముందు మన దగ్గర తీసుకోవడం నేర్చుకున్నారు.

దానియేలును చూడండి. సింహాల గుహ సంగతి తర్వాత. బబులోనులో మొదట అతనికి ఎదురైనవి కొత్త భాష, కొత్త పేరు, ముందున్న పళ్లెం. మూడేళ్ల శిక్షణ అది. అతడు రాజు భోజనం వద్దని శాకధాన్యాలు అడిగాడు. ప్రభువైతే డెబ్బదిమందిని పంపుతూ, పెట్టినది తినమన్నాడు. ఈ రెండింటికీ పొంతన లేదనిపిస్తుంది. దానియేలును చెరపట్టి తెచ్చారు. తనను తాను మరచిపోకుండా ఉండటం అతని పోరాటం. డెబ్బదిమంది ఇష్టపడి వెళ్లారు. ఇంటివారి చేతిముద్ద కాదనకపోవడమే వారి మొదటి పరిచర్య. స్వచ్ఛందంగా వెళ్లినవారికి రెండోదే మాదిరి.

ఆమె ఆగింది. నాలుగో నెలలో ఫోన్ చేసి నవ్వింది. "పో" అంటే పొమ్మనడం కాదట, మన "అండీ" లాంటి గౌరవపు మాటట! వాళ్లు ఎదురైతే ముందు అడిగేది మన లాగే "తిన్నారా?" అనట. సినిగాంగ్ అనే పులుసులో చింతపండే పడుతుందట. బటంగాస్ వైపు బస్సులో వెళ్తూ చెరకు తోటలు చూసి బోధన్ అనుకుందట.

వాళ్ల నాన్నకు ఇంకా జవాబు దొరకలేదు. పైసలు రావు, అది నిజం. అందుకే సంఘం ఆ ఇంటికి నెలకింత బియ్యం ఇస్తోంది. ఒకరు జీతం లేని సేవకు వెళ్తే వెనుక ఇంటి భారం మోయడం సంఘం వంతు. ఫోన్‌లో ఆమెను "ఎంతమందికి సువార్త చెప్పావు?" అని అడగవద్దని మావాళ్లకు చెప్పాము. "తిన్నవా బిడ్డా?" అని అడిగితే చాలు.

ప్రియులారా, మన పొలాల్లో నాట్లకు బీహార్ నుండి వచ్చేవారున్నారు. మన మాట వారి చెవికి ఎలా వినబడుతోందో! ఈ వారం వారిలో ఒకరి భాషలో "తిన్నారా?" అనే మాట నేర్చుకుని అడుగుదాము. పరదేశిని ప్రేమించు దేవుడు మనకు ఆ కృప దయచేయును గాక. ఆమేన్.