ఉద్దానపు పూటకూళ్ల ఇల్లు

పలాసలో రైలు దిగి వచ్చినవారిని ఎవరినైనా ఆ ఊరు ఎలా ఉందని అడిగి చూడండి. "జీడిపప్పు బాగుంటుంది" అంటారు. అంతకు మించి చెప్పగలిగినవారు తక్కువ. నేనూ ఆ కోవలోని వాడినే. ఈ ప్రాంతానికి సంఘకాపరిగా వచ్చి తొమ్మిదేళ్లయినా పలాస నాకు రైలెక్కే చోటు, బస్సు మారే చోటు, పండుగకు పప్పు కొనే చోటు మాత్రమే. అక్కడ ఒక పూట కూర్చుని ఊరిని చూసినది లేదు. గత ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం దేవుడు నాకు నాలుగు గంటల తీరిక ఇచ్చి ఆ ఊరిని చూపించాడు.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. కొబ్బరి రైతు. రెండు మూత్రపిండాలూ పాడైపోయినందున వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ప్రతిసారీ కొడుకు తోడు వెళ్లేవాడు. ఆ కొడుకు భవన నిర్మాణపు పనికి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఆ మంగళవారం తోడు ఎవరూ లేరని తెలిసి నేను బయలుదేరాను.

తెల్లవారుజామున మందస వైపు నుంచి బస్సెక్కాం. చదువరులలో ఉద్దానం చూడనివారి కొరకు రెండు మాటలు చెప్పాలి. ఒక ప్రక్క మహేంద్రగిరి కొండలు, మరొక ప్రక్క బంగాళాఖాతం, ఆ రెంటి నడుమ ఇసుక నేల. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో వ్యాపించిన తోటల సీమ ఇది. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. కొబ్బరి నీడలో పనస, పనస ప్రక్కన జీడిమామిడి, పాదుల్లో మునగ. ఏప్రిల్ గనుక బస్సు కిటికీలోంచి జీడిమామిడి పండ్ల వాసన ముక్కుకు ఘాటుగా తగులుతోంది. మాటల్లో తెలుగూ ఒడియా కలిసిపోతాయి. పెద్దాయన ఒడిలో సంచి, సంచిలో చిన్న పనసకాయ. "ఎవరికి తాతా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఆసుపత్రిలో ఆయనను మంచం మీద పడుకోబెట్టి గొట్టాలు అమర్చారు. నేను ప్రక్కన నిలబడి ప్రార్థన చేసి, అక్కడే స్టూలు వెదుక్కుంటుంటే ఆయన అన్నారు: "అయ్యగారూ, మీరలా ఊళ్లో తిరిగి రండి. నానెక్కడికి పోతాను బాబూ? నాలుగు గంటలు ఈ మిషను నన్నొగ్గదు." అలా ఆటో ఎక్కి ఊళ్లోకి వచ్చాను.

పలాస నిజానికి జంట ఊరు. రైల్వే స్టేషనుకు పలాస పేరు, పోలీసు స్టేషనుకు కాశీబుగ్గ పేరు, పురపాలక సంఘానికి రెండు పేర్లూ. కొత్తవారు ఎక్కడ దిగాలో తెలియక తికమక పడతారు. ఈ ఊరికి కోట లేదు, రాజు లేడు. రాజు మందసలో ఉండేవాడు, మరొకరు టెక్కలిలో. పలాసను పెంచినది రైలు. 19వ శతాబ్దం చివర తూర్పు తీరం వెంబడి రైలు మార్గం వేశాక చుట్టుప్రక్కల పల్లెల కొబ్బరీ పనసా ఇక్కడికి బండ్ల మీద రావడం మొదలైంది. సరుకు వచ్చిన చోటికి షావుకారు వచ్చాడు, షావుకారు వెనుక దర్జీ, మంగలి, మందుల కొట్టు, కాఫీ హోటలు వచ్చాయి. ఆనాడు ఇది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ తెలుగు భాగాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 2022లో పలాస రెవెన్యూ డివిజను కేంద్రం కూడా అయింది.

స్టేషను బయట ఒక టీ కొట్టులో కూర్చున్నాను. కొట్టు నడిపే అమ్మకు యాభై ఏళ్లుంటాయి. మూటలు మోసుకుని వచ్చే కుర్రవాళ్లను చూస్తూ, "ఈలందరూ సెన్నయికి, అయిదరబాదుకి పోతారు బాబూ. ఎల్లినప్పుడు టీ తాగుతారు, ఒచ్చినప్పుడు టీ తాగుతారు. మద్దిన ఏటైనాదో నాకు తెలీదు" అంది. ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. ఈ ఊరికి వచ్చేవారంతా వేరే చోటికి పోయేవారే. ఊరు మాత్రం అక్కడే ఉండి ఎదురుచూస్తుంది.

పోయేవారే కాదు, మొర పెట్టుకోవడానికి వచ్చినవారూ ఉన్నారు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఈ పలాసలోనే జరిగింది. జమీందారీ పన్నుల క్రింద నలిగిన రైతులు తమ బాధ చెప్పుకోవడానికి ఇక్కడ కూడారు. ఆ సభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కట్టెల తగవు మీద పోలీసులు కాల్పులు జరిపారు. గర్భవతియైన గున్నమ్మ అనే రైతు స్త్రీ ప్రాణం విడిచింది. 1960వ దశకం చివర శ్రీకాకుళ రైతాంగ పోరాటపు రోజుల్లో ఈ చుట్టుప్రక్కల పల్లెలు మరల తుపాకుల మోత విన్నాయి. ఏ పక్షం సంగతి ఎలా ఉన్నా, పల్లె కన్నీరు ముందుగా చేరేది ఈ అంగడి వీధులకే.

అక్కడనుండి జీడిపప్పు కొట్లవైపు నడిచాను. పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు మన ఇసుక నేలలో ఇంతగా వేరూనుతుందని వారు అనుకుని ఉండరు. ఈ జంట ఊళ్లలో పప్పు తీసే కార్ఖానాలు వందల్లో ఉన్నాయి. మన తోటల పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు తెప్పిస్తారు. పిక్కలను ఎండబెట్టి, ఆవిరిలో ఉడికించి, ఒక్కొక్కటిగా చీల్చి, పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పైపొట్టు తీసి, గుండు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. కొన్ని చోట్ల యంత్రాలు వచ్చాయి గాని పొట్టు తీసేది, ఏరేది ఎక్కువగా స్త్రీలే. ఇక్కడ బస్తా అంటే 80 కిలోల పిక్కలు. అందులోంచి చేతికి వచ్చే పప్పు నాలుగో వంతుకు కొంచెం అటూ ఇటూ. 2023లో బస్తాకు 16,000 రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు ఆందోళన చేశారు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య పేచీ ఈ ఊరికి కొత్త కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం క్రిస్మసు విందుకు బద్ద పప్పు కొంటూ, కిలోకు ఇరవై రూపాయలు తగ్గించమని ఒక కొట్టు ముందు అరగంట బేరమాడాను. తగ్గించారు, సంతోషంగా ఇంటికి వచ్చాను. ఈ మంగళవారం ఒక కార్ఖానా గుమ్మంలో పని ముగించి కూర్చున్న స్త్రీల చేతులు మొదటిసారి చూశాను. పిక్క పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది. నూనె రాసుకున్నా వేళ్ల చివరలు నల్లబడి, పొరలు లేచి ఉన్నాయి. ఒకామె ఆ చేతులు చెంగులో దాచుకుంది. నా ఇరవై రూపాయలు ఆ వేళ్ల మీదనే తగ్గాయో ఏమో, ఎవరు చెప్పగలరు?

కిరాణా కొట్టు షావుకారు ఒకాయన నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశారు. మాటల్లో తిత్లీ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాసకు దగ్గరలోనే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఒక్క రాత్రిలో తోటలు నేలమట్టమయ్యాయి. వరి పోతే మరుసటి ఏడు వేసుకోవచ్చు, కొబ్బరి పోతే కాపుకు ఆరేడేళ్లు ఆగాలి. "ఆ ఏడు ఖాతా పుస్తకం తెరవడానికే భయమేసింది అయ్యగారూ. వాళ్లదగ్గర లేదు, నా దగ్గరా లేదు. అయినా బియ్యం ఇవ్వకుండా ఎలాగ? మూడు తరాలుగా మా కొట్టుకే వచ్చేవారాయె" అన్నారు. కొంత బాకీ నేటికీ రాలేదట. ఆ పేర్లు కొట్టివేశారా అని అడిగాను. "కొట్టివేయలేదు, అడగలేదు" అన్నారు. అందరు షావుకార్లూ అలాగే చేశారని నేను చెప్పను. వడ్డీకి తోట రాయించుకున్నవారి సంగతీ మా పల్లెల్లో విన్నాను.

నాలుగు గంటలు కావస్తుండగా ఆసుపత్రికి తిరిగి వచ్చాను. ఈ సీమను పట్టిన మూత్రపిండాల వ్యాధి మూడు దశాబ్దాలుగా వైద్యులను కలవరపెడుతోంది. మధుమేహమూ రక్తపోటూ లేనివారికి కూడా, పొలంలో కష్టపడే నడివయసు వారికి ఎక్కువగా వస్తోంది. నీటిలోని లోహాలని, సిలికా అని, పురుగు మందులని, ఎండలో నీళ్లు చాలక శరీరం ఎండిపోవడమని, నొప్పి మాత్రలని ఎన్నో విధాల పరిశోధించారు. ఇదే కారణమని నేటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులలోనూ, మధ్య అమెరికా దేశాల్లోని చెరకు తోటల కూలీలలోనూ ఇట్టి వ్యాధే ఉంది. నేను మట్టి చేసిన మా సంఘస్థులలో యాభై నిండనివారు చాలామంది.

పూర్వం డయాలసిస్ కొరకు విశాఖపట్నం పోవాలి, దాదాపు 200 కిలోమీటర్లు. పెద్దాయన అలా తిరిగిన రోజుల్లోనే అరెకరం తోట అమ్ముకున్నారు. తరువాత ఈ ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే డయాలసిస్ కేంద్రాలు తెరిచారు. 2019లో డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇవ్వసాగారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజున, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి పల్లెలకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్నీ ప్రారంభించారు. ఇవి వ్యాధిని నిర్మూలం చేయలేదు. అయితే రోగి సాయంత్రానికి తన ఇంటి అరుగు మీద కూర్చోగలుగుతున్నాడు. అది చిన్న మేలు కాదు.

మన పెద్దలు ఇది కొంత ఎరిగినవారే. పలాసకు ఉత్తరాన సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషనువారి ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గల్లిసన్ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆ పని చూసి కదిలిన కెనడావారు 1963లో కాల్గరీ నగరంలో ప్రారంభించిన ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ ఇతర దేశాలకూ వ్యాపించింది. మన మారుమూల అంగడి ఊళ్లకు లోకం రావడమే గాక, వాటి నుంచి మేలు లోకానికి పోవడమూ జరిగింది.

తిరుగు బస్సు కోసం వస్తూ పెద్దాయన నన్ను ఒక చిన్న భోజన హోటలుకు తీసుకువెళ్లారు. హోటలమ్మ ఆయన్ను చూడగానే ఉప్పు వేయకుండా విడిగా వండిన పప్పు, అన్నం ఒక గిన్నెలో తెచ్చింది. నీళ్లు కొలిచి సగం గ్లాసు పోసింది. ఎంత తాగాలో ఆమెకు తెలుసు. అప్పుడు సంచిలోని పనసకాయ బయటికి వచ్చింది. "అప్పా, కాయ ముదిరింది. కూరకి బాగుంతాది" అన్నారాయన. ఆమె భోజనం డబ్బు మాత్రం తీసుకుంది. తీసుకోకపోతే ఆయన రేపు రారని ఆమెకు తెలుసునట.

ఆ క్షణాన నాకు మంచి సమరయుని ఉపమానంలోని పూటకూళ్లవాడు జ్ఞాపకం వచ్చాడు. సమరయుని గూర్చి ఎన్నో ప్రసంగాలు చేశాను గాని ఈ మనిషి గూర్చి ఒక్కటీ చేయలేదు. అతడు దారిలో ఎవరినీ ఎత్తుకుని రాలేదు. అతనిది వ్యాపారం, రెండు దేనారములు పుచ్చుకున్నాడు. అయితే గాయపడినవాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు నీది ఏ ఊరు, ఏ కులం అని అడగలేదు. మిగిలిన ఖర్చు తిరిగి వచ్చినప్పుడు ఇస్తానంటే నమ్మాడు. అతడు తలుపు వేసుకుని ఉంటే సమరయుని దయ దారిలోనే ఆగిపోయి ఉండేది.

పలాస మన ఉద్దానానికి పూటకూళ్ల ఇల్లు. చూడదగిన వింతలు అక్కడ లేవు. ధూళి, మురుగు, పేచీలు ఉన్నాయి. అయినా వేలాది పల్లె కుటుంబాలు పెండ్లి చీరకూ, బస్తా అమ్మకానికీ, దూర ప్రయాణానికీ, ఇప్పుడు ప్రాణం నిలుపుకోవడానికీ ఆ గుమ్మమే ఎక్కుతున్నాయి. అట్టి ఊరి మంచిచెడ్డలను ఎత్తయిన మేడలనుబట్టి కాక, గాయపడి వచ్చినవాడికి కొలిచి పోసిన సగం గ్లాసు నీళ్లనుబట్టి ఎంచాలని నాకు తోచింది. మనమూ అక్కడికి కొనడానికి మాత్రమే పోతున్నామా, లేక అక్కడివారి చేతులు కూడా చూస్తున్నామా?

బస్సు మందస దారి పట్టింది. పెద్దాయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ఖాళీ సంచి ఆయన ఒడిలో మడత పెట్టి ఉంది. శుక్రవారం మరల పోవాలి. ఈసారి నేను వస్తానని అమ్మగారితో చెప్పి, కేలండరు మీద గుర్తు పెట్టుకున్నాను.