పెద్ద ఫిడేలు

కలకత్తా దగ్గరి బడ్జ్ బడ్జ్‌లో తెలుగు వినాలంటే జూట్ మిల్లుల వేపు వెళ్తే చాలు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి నార పనికి వచ్చి హుగ్లీ ఒడ్డున ఉండిపోయిన కుటుంబాలు. పిల్లలు బెంగాలీ బడికి వెళ్తారు, ఇంట్లో మాత్రం మా యాసే. ఆ ఇళ్ళలో ఒకామె ఆమధ్య నన్నడిగింది: "అమ్మా, ఆ పెద్ద ఫిడేలు మా గుంటడికి వస్తాదేటి?"

ఆమె అడిగింది చెల్లో గురించి. వస్తుందన్నాను. బెహాలా దగ్గర జరిగింది తెలుసు గనక అంత ధైర్యంగా చెప్పగలిగాను.

బడ్జ్ బడ్జ్ లోకల్లో మాఝేర్‌హాట్‌లో దిగి డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుంటే బెహాలా దాటగానే బరిషా వస్తుంది. అక్కడి ఆక్స్‌ఫర్డ్ మిషన్‌లో ఫాదర్ థియోడోర్ మాథిసన్ బెంగాలీ పేదపిల్లలకు వయొలిన్, చెల్లో నేర్పి ఆర్కెస్ట్రాగా తీర్చిదిద్దాడు. వాళ్ళలో అనూప్ కుమార్ బిశ్వాస్ అనే కుర్రాడు లండన్ వెళ్ళి, పియర్ ఫోర్నియర్, జాక్వెలిన్ దు ప్రే వంటి మహానుభావుల దగ్గర చెల్లో నేర్చుకున్నాడు. కచేరీలతో తృప్తి పడి ఊరుకోలేదు. 1994లో కలకత్తాలో గురువు పేరిట మాథిసన్ మ్యూజిక్ స్కూల్ పెట్టాడు, తనలాంటి పిల్లల కోసమే.

ఇక్కడ పాశ్చాత్య సంగీతానికి కొదవ లేదు. కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్ 1915 నుంచీ ఉంది. కొరత పిల్లవాడి వెంట ఏళ్ళ తరబడి నిలబడేవాళ్ళదే. చెల్లో ఒకసారి కొంటే సరిపోదు. పావు సైజు, అర సైజు, ముప్పావు సైజు... పిల్లాడు ఎదిగినప్పుడల్లా మార్చాలి. గంగ ఒడ్డు చెమ్మ దానికి తోడు. వానాకాలంలో బిరడాలు ఉబ్బి కదలవు, చలికాలంలో ఎండిపోయి జారిపోతాయి, జిగురు విడిపోతే పలక పైకి లేస్తుంది. మిల్లు జీతంలో ఇదంతా ఎవరు భరిస్తారు? లాభం చూసుకోని సంస్థ వాద్యాన్ని అరువిచ్చి, చిన్నదైనప్పుడు వెనక్కి తీసుకుని తర్వాతి పిల్లకి ఇవ్వగలదు.

ఇలా నేర్చుకున్న పిల్లలు చేరే ఛాంబర్ ఆర్కెస్ట్రాలో కొద్దిమందే ఉంటారు గనక ఎవరూ గుంపులో దాక్కోలేరు. ఒక సాధనలో వయోలా వాయించే అమ్మాయిని గమనించాను. రాగం మొదటి వయొలిన్లదే. ఆమెది అడుగున సాగే నాలుగైదు స్వరాలు. అయినా కమాను ఎత్తే ముందు ప్రతిసారీ చెల్లో వేపు చూసి, అతని ఊపిరితో తన ఊపిరి కలిపేది. ఒక చోట ఆమె ఆగిపోయింది. అప్పటిదాకా నిండుగా ఉన్న పాట ఒక్కసారిగా బోలుగా అయిపోయింది. ఆ అమ్మాయి ఫొటో ఏ పత్రికలోనూ రాదు. ఆమె పదేళ్ళ సాధనకి డబ్బు పెట్టేవాళ్ళే నా దృష్టిలో అసలైన సంగీత పోషకులు.

ఇలాంటి పోషణ మనకి కొత్తేమీ కాదు. దివాణం ఉద్యోగి కొడుకు, చూపులేని పిల్లాడు, సంగీతం నేర్చుకోవడం కోసమే విజయనగరం రాజావారు 1919లో ఏకంగా కళాశాల పెట్టించారని మా వేపు చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ గురువు. అలాంటి ఊరి నుంచి వచ్చిన మనం, ప్రవాసంలో సంఘం పెట్టుకోగానే, ఉన్న డబ్బంతా ఒక్క రాత్రి వేదికకీ షామియానాకీ ఖర్చుపెట్టేస్తున్నాం. నాకది బాధగా ఉంటుంది.

మా సంఘం కార్యదర్శిగారికి ఉత్తరం రాశాను. ఈ ఉగాదికి వక్తల విమానం టిక్కెట్లు మానేసి, ఆ సొమ్ముతో ఒక అర సైజు చెల్లో కొందామని, మిల్లు లైన్లలో ఏ ఇంటి పిల్లాడైనా సరే, వారానికి రెండుసార్లు గురువు దగ్గరికి వెళ్ళొచ్చే రైలు ఖర్చు అయిదేళ్ళు మనమే పెట్టుకుందామని. వచ్చే సమావేశంలో పెడతానన్నారు. ఆ తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నాను.