దుఃఖం కాదు, తూక్కం

మాది మండవల్లి. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుండి ఏలూరు జిల్లాలోకి వచ్చాము. కొల్లేటి ఒడ్డు మనుషులం గనుక చేపలు, చెరువులు, కైకలూరు బజారు తప్ప వేరే లోకం నాకు అంతగా తెలియదు. 2011 వేసవిలో మా వారికి గుండె ఆపరేషన్ చెయ్యాలంటే గుడివాడ, బెజవాడ మీదుగా ప్రయాణంచేసి, కాట్పాడిలో రైలు దిగి వేలూరు చేరాము. మా అత్తగారు రాయవేలూరు అనేవారు.

ఐడా స్కడర్ అమ్మగారు 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. లోపల తెలుగు తెలిసినవారు ఎవరో ఒకరు దొరికేవారు. ఇబ్బందల్లా బయటే. మేము గది తీసుకున్న ఇంటావిడకు తెలుగు రాదు, నాకు అరవం రాదు. ఆరు రోజులు సైగలతోనే గడిపాను.

ఏడోరోజు ఉదయం కొళాయి దగ్గర ఆమె నా ముఖం చూసి, "తూక్కం వందుదా?" అని అడిగింది. దుఃఖం వచ్చిందా అంటోందనుకున్నాను. మా వారి ఎదుట అన్నాళ్లూ ఆపుకున్నదంతా ఒక్కసారి పొంగింది. బిందె పక్కనే కూలబడి ఏడ్చాను. పాపం ఆమె కంగారుపడి నా పక్కనే తడినేల మీద కూర్చుంది. ఎనిమిదో తరగతి చదివే వాళ్లమ్మాయి వచ్చి, రెండు చేతులూ చెంపకింద పెట్టి కళ్లు మూసి చూపించింది. తూక్కం అంటే నిద్ర! రాత్రి నిద్ర పట్టిందా అని అడిగిందన్నమాట. ఏడుపులోనే నవ్వొచ్చింది. నిజానికి నిద్ర పట్టనూ లేదు, దుఃఖం రాకుండానూ లేదు.

ఆనాటినుండి ఆ పిల్లే నాకు పంతులమ్మ. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్ దొరగారు బడిపిల్లల మధ్య కూర్చుని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దారని మా పాస్టరుగారు ఒకసారి చెప్పారు. నేను అక్షరాలదాకా పోలేదు. మాటలను మన లిపిలోనే మందుల చీటీల వెనుక రాసుకున్నాను. అక్క అక్కే, కొంచెం కొంచెమే, రెండు రెండే. ఎనిమిదిని మాత్రం ఎట్టు అంటారు. "ఇల్లె" అంటే లేదు, కాదు అని. నాకేమో ప్రతిసారీ ఇల్లు గుర్తొచ్చేది. ఒకరోజు మందుల షాపులో "మందు అవసరం" అన్నాను. తమిళంలో అవసరమంటే తొందర. షాపతను ముందున్న నలుగురినీ పక్కకు జరిపి నాకే ముందు ఇచ్చాడు! సిగ్గుపడ్డాను గాని, మందులు తెచ్చేసుకున్నాను.

ఆపరేషన్ రోజు మా సంఘంవారందరూ మండవల్లిలో ప్రార్థనలో ఉన్నారు. ఇక్కడ నా పక్కన ఎవరూ లేరు. మధ్యాహ్నం చూస్తే, టిఫిను క్యారియర్‌తో ఇంటావిడ వస్తోంది.

"బయమా ఇరుక్కా?" అంది.

"ఆమా, అక్కా" అన్నాను.

"సాప్పిట్టీంగళా?"

"ఇల్లె."

పెరుగన్నం కలిపి నా చేతిలో పెట్టింది. నాకు వచ్చినవి నలభై మాటలు. అవి అయిపోయాక ఇద్దరం ఊరకే కూర్చున్నాము. సాయంత్రం డాక్టరుగారు వచ్చి అంతా బాగుందని చెప్పినప్పుడు నాకంటె ముందు ఆమె కళ్లొత్తుకుంది. దేవునికి స్తోత్రం.

మా వారు కోలుకుంటుండగా బజారులో కొర్రమేను కనబడింది. ఆమె "విరాల్" అంది. మాటలేమోగాని చేప సంగతి నేను ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. మా కొల్లేటి పద్ధతిలో పులుసు పెట్టాను. పిల్ల మూడుసార్లు వడ్డించుకుంది.

బయలుదేరేనాడు "పోయిట్టు వరేన్" అన్నాను. పోతానని ఊరకే అనకూడదట, పోయి వస్తాననాలట. మనమూ అంతే గదా!

మరుసటి ఏడు పరీక్షలకు వెళ్లాము. ఆమె గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, "తూక్కం వరుదా?" అని అడిగింది.

"నల్లా వరుదు, అక్కా" అన్నాను.